అమ్మతో ఎన్నాళ్లకోసారి మాట్లాడతారు?

రోజూనా? వారానికోసారా? నెలకా, మూడు నెలలకా, ఏడాదికా? ఫోన్లోనా, ఉత్తరాలా, ఎదురుగా కూచునా? ఏదో ఒక గడిలో టిక్కు పెట్టాలి. ఇలా అడిగేది ఊరినుంచి వచ్చిన మేనత్త కాదు, అమెరికా ప్రభుత్వం. ప్రశ్నలున్న దరఖాస్తు పేరు ఎస్‌ఎఫ్‌–86. వంద పేజీలకు పైబడిన ఈ ఫారంలో 18వ సెక్షన్ మొత్తం బంధువులకే కేటాయించారు. తల్లి, తండ్రి, సవతి తల్లి, సవతి తండ్రి, బిడ్డలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, అత్తగారు, మామగారు, చివరికి సంరక్షకుడు దాకా 16 రకాల చుట్టరికాలున్నాయి. పోయినవాళ్లను కూడా రాయాలి. వాళ్లలో ఎవరైనా అమెరికా పౌరులు కాకుండా పరదేశంలో ఉంటే ప్రశ్నలు ఇంకా పెరుగుతాయి. ఎక్కడుంటారు, ఎక్కడ పనిచేస్తారు, అక్కడి ప్రభుత్వంతో గానీ సైన్యంతో గానీ నిఘా సంస్థలతో గానీ సంబంధముందా?

ఆ దేశంలో రహస్య పత్రాలు చూడాల్సిన ఉద్యోగం ఏదైనా సరే, ముందు ఈ వడపోతలోంచి బయటపడాలి. దాన్నే సెక్యూరిటీ క్లియరెన్స్ అంటారు. కాన్ఫిడెన్షియల్, సీక్రెట్, టాప్ సీక్రెట్ అని మూడు మెట్లు. సైనికులకూ దౌత్యవేత్తలకూ మాత్రమే కాదు, యుద్ధ విమానాలు తయారుచేసే ప్రైవేటు కంపెనీ ఇంజనీరుకూ, రక్షణ శాఖ సర్వర్లు చూసుకునే సాఫ్ట్‌వేర్ ఉద్యోగికీ ఇది కావాలి. పౌరసత్వం ఉన్నవాళ్లకే ఇస్తారు కాబట్టి హెచ్‌–1బీ మీదో గ్రీన్‌కార్డు మీదో ఉన్నవాళ్ల దాకా మామూలుగా ఈ గొడవ రాదు. పౌరసత్వం వచ్చాక, లేదా అక్కడే పుట్టిన పిల్లలు ఉద్యోగాల వయసుకు వచ్చాక మొదలవుతుంది. 2010–17 మధ్య అమెరికాలో తెలుగు మాట్లాడేవాళ్లు 86 శాతం పెరిగారని జనగణన లెక్కల విశ్లేషణ ఒకటి చెప్పింది. వాషింగ్టన్ పక్కనే ఉన్న ఉత్తర వర్జీనియాలో తెలుగు కుటుంబాలకూ రక్షణ కాంట్రాక్టులు చేసే కంపెనీలకూ కొదవ లేదు. ఈ రెండూ ఒకే కౌంటీలో ఉన్నప్పుడు 18వ సెక్షన్ చాలామంది డ్రాయింగ్ రూముల్లోకి వచ్చేస్తుంది.

నిర్ణయం తీసుకునేవాళ్ల చేతిలో ఒక నియమావళి ఉంటుంది. ఇప్పుడున్నది 2017 జూన్ 8 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో అక్షరక్రమంలో 13 అంశాలున్నాయి. ‘ఎ’ దేశం పట్ల విధేయత, ‘సి’ మరో దేశం మీద మొగ్గు. ఈ రెంటి మధ్యా ఉన్న ‘బి’ పేరు విదేశీ ప్రభావం. మన కథంతా అక్కడే. బయటివాళ్లకు చప్పున తెలియని తేడా ఇందులో ఒకటుంది. ‘బి’ కింద అడిగే ప్రశ్న ‘నువ్వు ద్రోహివా?’ అని కాదు. ‘నిన్ను ఎవరి ద్వారా లొంగదీయవచ్చు?’ అని. మనిషి నిప్పులాంటివాడే కావచ్చు, కానీ అతని తమ్ముణ్ణి అక్కడి పోలీసులు స్టేషన్లో కూచోబెట్టి ఇతనికి ఫోన్ చేయిస్తే ఏం చేస్తాడు? అదీ భయం.

ఆ భయం ఉత్త ఊహ కాదు. అమెరికా నిధులతో నడిచిన రేడియో ఫ్రీ ఆసియాలో ఉయిఘర్ విలేకరి గుల్‌చెహ్రా హోజా షిన్‌జియాంగ్ శిబిరాల గురించి వార్తలు ఇస్తుంటే, 2018లో అక్కడున్న ఆమె బంధువులను ఇరవై మందికి పైగా నిర్బంధించారు. అంటే చుట్టరికాన్ని బందీగా పట్టుకునే ప్రభుత్వాలు ఈ భూమ్మీద ఉన్నాయి. దీన్ని కొట్టిపారేయలేం.

కానీ భయం ముదిరితే ఏమవుతుందో 1953లోనే అమెరికా చూసింది. మిలో రదులోవిచ్ మిషిగన్ విశ్వవిద్యాలయ విద్యార్థి, వైమానిక దళ రిజర్వులో లెఫ్టినెంటు, వాతావరణ శాస్త్రం అతని పని. నువ్వు భద్రతకు ముప్పు, రాజీనామా చెయ్ అన్నారు. అతని విధేయత మీద ఎవరికీ అనుమానం లేదని వాళ్లే ఒప్పుకున్నారు. తప్పల్లా సెర్బియా నుంచి వచ్చిన తండ్రిది, సోదరిది. తండ్రి సెర్బియన్ పత్రికలు చదువుతాడు, సోదరికి వామపక్షం మీద సానుభూతి. ఆ తండ్రి మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు కూడా! విచారణలో ఆరోపణలను సీలు వేసిన కవరులో తెచ్చారు. ఆ కవరును చూపించారు, విప్పలేదు. లోపల ఏముందో నిందితుడికీ తెలియదు, అతని లాయరుకూ తెలియదు. నాన్ననూ తోబుట్టువునూ కాదనుకుంటే ఉద్యోగం మిగులుతుందన్నమాట, అయితే రేపు నా పిల్లలను నన్ను కాదనమంటారా అన్నది అతని వాదన. సీబీఎస్ టెలివిజన్‌లో పాత్రికేయుడు ఎడ్వర్డ్ మర్రో అక్టోబరు 20న ఈ కథను ప్రసారం చేశాడు. యాజమాన్యం ప్రకటనకు డబ్బివ్వనంటే మర్రో, అతని సహచరుడు ఫ్రెండ్లీ సొంత జేబుల్లోంచి తీసి పత్రికలో ప్రకటన వేయించారు. నెల తిరిగిన నాలుగు రోజులకు వైమానిక దళ కార్యదర్శి నిర్ణయం మార్చుకున్నాడు.

మరుసటి ఏడాది అణుశాస్త్రవేత్త ఓపెన్‌హైమర్ వంతు. సినిమా చూసినవాళ్లకు ఆ విచారణ గుర్తుండే ఉంటుంది. అభియోగాల్లో అతని మాటలూ చేతలతో పాటు భార్య కిట్టీ గతం, తమ్ముడు ఫ్రాంక్ కమ్యూనిస్టు పార్టీ సభ్యత్వం కూడా ఉన్నాయి. 1954లో పోయిన క్లియరెన్స్ విషయంలో ఆ నిర్ణయమే చెల్లదని ప్రభుత్వం ప్రకటించింది 2022 డిసెంబరులో. అప్పటికి ఆయన పోయి 55 ఏళ్లు.

సీలు కవరు పద్ధతికి అడ్డుకట్ట పడింది మాత్రం అంత పేరులేని ఇంకొకరి వల్ల. విలియం గ్రీన్ విమానాల సిమ్యులేటర్లు తయారుచేసే కంపెనీలో వైస్ ప్రెసిడెంటు. విడాకులిచ్చిన మొదటి భార్య స్నేహాలు, సోవియట్ దౌత్యవేత్తలతో పరిచయాలు కారణంగా చూపి క్లియరెన్స్ లాక్కున్నారు. ఏడాదికి 18 వేల డాలర్లు తెచ్చుకునే మనిషి 4,400 డాలర్లకు డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాడు. తన మీద చెప్పిందెవరో చూపకుండా, ప్రశ్నించనివ్వకుండా బతుకుతెరువు తీసేసే అధికారం మీకెవరిచ్చారని 1959లో సుప్రీంకోర్టు అడిగింది. 1960 ఫిబ్రవరిలో ఐసెన్‌హోవర్ కొత్త ఉత్తర్వు ఇచ్చాడు. కాంట్రాక్టు కంపెనీల ఉద్యోగులకు ఇవాళ దొరుకుతున్న విచారణ హక్కుకు మూలం అదే.

ఆ విచారణలు జరిపే రక్షణ శాఖ కార్యాలయాన్ని క్లుప్తంగా డోహా అంటారు. కతార్ రాజధానికీ దీనికీ సంబంధం లేదు; వర్జీనియాలోని ఆర్లింగ్టన్‌లో ఉంది. అనుమానం వస్తే ముందు ‘కారణాల పత్రం’ ఒకటి ఇంటికొస్తుంది. దాన్ని చూసి తీరాలి. ఒక్కో చుట్టానికీ ఒక్కో నంబరు. 1.ఎ: మీ తల్లి భారత పౌరురాలు, అక్కడే నివాసం. 1.బి: మీ తండ్రి భారత పౌరుడు, అక్కడే నివాసం. 1.సి: మీ అత్తగారు. 1.డి: మీ పేర అక్కడ ఫ్లాటు ఉంది. అందుకున్నవాళ్లు 20 రోజుల్లోగా ఒక్కో అంశం పక్కనా ‘ఒప్పుకుంటున్నాను’ అనో ‘కాదంటున్నాను’ అనో రాసి పంపాలి. నాకు అమ్మ ఉందని ఒప్పుకుంటున్నాను! దాంతో ఆరోపణ రుజువైనట్టే. ఇక అక్కణ్ణుంచి, ఆ బంధం వల్ల ప్రమాదం లేదని నిరూపించుకునే భారం దరఖాస్తుదారుదే. సందేహం ఉంటే అది దేశ భద్రత వైపే పడుతుంది. బెనిఫిట్ ఆఫ్ డౌట్ ఇక్కడ మనిషికి కాదు, ప్రభుత్వానికి.

నిరూపించుకోవడమెలా? దారులు రెండు. ఆ బంధం చాలా పలచనిదని చూపించడం ఒకటి; ఎప్పుడో తప్ప మాటల్లేవు, రాకపోకల్లేవు అని. అమెరికాలో వేళ్లు అంతకన్నా లోతుగా దిగాయని చూపించడం రెండోది. భార్యాబిడ్డలు ఇక్కడే, ఇల్లూ రిటైర్మెంటు పొదుపూ ఇక్కడే, పాతికేళ్లుగా పన్నులు కట్టింది ఇక్కడే అని. మొదటి దారి మనవాళ్లకు కొరుకుడు పడదు. పొద్దున ఇక్కడ కాఫీ తాగే వేళకు అక్కడ అమ్మ రాత్రి భోంచేసిందో లేదో వాట్సాప్ వీడియోలో చూస్తేగానీ పని మొదలెట్టని కొడుకుంటాడు. నలుగురిలో బంగారంలాంటి కొడుకనిపించే ఆ అలవాటే ఫారంలో ‘రోజూ’ అనే గడి. పండక్కి కూడా ఫోన్ చేయనివాడికి ఈ నియమావళిలో అనుకూలాంశం ఉంది. భద్రతా వ్యవస్థ కావాలని ఇలా చేసిందని కాదు. కానీ ప్రేమను ఒత్తిడి పెట్టే మీటగా లెక్కగట్టాక, ఎంత ప్రేమిస్తే అంత ముప్పు అనే లెక్క దానంతటదే వచ్చిపడుతుంది. ఈ వ్యవస్థలో మింగుడు పడనిది నిజానికి ఇదొక్కటే.

అత్తవారి సంగతి మరీ విడ్డూరం. భార్య తల్లిదండ్రుల మీద మీకు అభిమానమో బాధ్యతో ఉందనే డోహా ముందుగా అనుకుంటుంది. లేదంటే మీరే చూపించుకోవాలి. అల్లుడికి అత్తమామల మీద ప్రేమ ఉంటుందని చట్టబద్ధంగా నమ్మే వ్యవస్థ ప్రపంచంలో ఇంకెక్కడుందో!

ఉత్తర వర్జీనియాలో ఒక తెలుగు ఇంజనీరును ఊహించుకోండి. తండ్రి రిటైరైన ప్రభుత్వ ఉపాధ్యాయుడు, నెలనెలా పెన్షన్. బావమరిది హైదరాబాద్‌లో డీఆర్‌డీవో ల్యాబులో శాస్త్రవేత్త. పెదనాన్న కొడుకు విశాఖ నావల్ డాక్‌యార్డులో. ఊళ్లో తాత పంచిన రెండెకరాలు, మియాపూర్‌లో ఫ్లాటు, దాని అద్దె పడే బ్యాంకు ఖాతా. పెళ్లి సంబంధాల మాటల్లో ఇవన్నీ గొప్పగా చెప్పుకునే సంగతులు. ఆర్లింగ్టన్‌లో ఒక్కోటీ ఒక్కో వివరణ కోరే సంగతి. పెన్షన్ అంటే విదేశీ ప్రభుత్వం మీద ఆధారపడ్డ తండ్రి. డీఆర్‌డీవో, బీడీఎల్, మిధాని లాంటివన్నీ కొలువుదీరిన హైదరాబాద్‌లో రక్షణ రంగంతో ఏ చుట్టరికమూ లేని మధ్యతరగతి ఇల్లు దొరకడం కష్టం. ఇవేవీ వాటంతటవే తిరస్కరణకు కారణాలు కావు. దాచకుండా రాసి, ఫ్లాటు విలువ తన మొత్తం ఆస్తిలో ఎంత చిన్న భాగమో లెక్క చూపించి నెగ్గినవాళ్లున్నారు. తెలంగాణ మూలాలున్న వ్యోమగామి రాజాచారి సంగతే చూడండి. ఆయన తండ్రి హైదరాబాద్ నుంచి వెళ్లి స్థిరపడినవాడు. కొడుకు అమెరికా వైమానిక దళంలో ఎఫ్‌–35 యుద్ధ విమానాల పరీక్షా బృందానికి డైరెక్టరై, 2021లో అంతరిక్షానికి వెళ్లిన క్రూ–3కి కమాండరయ్యాడు. క్లియరెన్స్ లేనివాణ్ణి ఎఫ్‌–35 దరిదాపులకు రానివ్వరు.

మనిషి కన్నా దేశమే ఎక్కువ మాట్లాడుతుంది ఈ విచారణల్లో. చైనా, ఇరాన్, రష్యాల్లో అమ్మానాన్నలున్నవాళ్లు మోయాల్సిన భారం చాలా బరువైనదని డోహా అప్పీలు బోర్డు పదేపదే చెప్పింది. భారత్ ఆ వరసలో లేదు. ప్రభుత్వం తరఫు న్యాయవాది దాఖలు చేసే పత్రాల్లో అతి పెద్ద ప్రజాస్వామ్యం, వ్యూహాత్మక భాగస్వామి అనే మాటలతో పాటు కశ్మీర్‌లో ఉగ్రవాదం, అమెరికన్ సాంకేతికత కోసం గతంలో జరిగిన ప్రయత్నాల ప్రస్తావనా ఉంటుంది. మిత్రదేశమైతే మాత్రం గూఢచర్యం చేయదా అన్నది వాళ్ల వాదన. నావికాదళ విశ్లేషకుడు జోనాథన్ పోలార్డ్ 1985లో పట్టుబడింది ఇజ్రాయెల్‌కు రహస్యాలిచ్చినందుకే మరి.

ఈ వ్యవస్థ తనను తానే ఎంతగా చిక్కుల్లో పడేసుకుంటుందో చూడాలంటే 2009లో మొదలైన మావ్నీ పథకం కథ వినాలి. అఫ్గానిస్థాన్, ఇరాక్ యుద్ధాల్లో అమెరికా సైన్యానికి భాషలు తెలిసినవాళ్లు కావాల్సివచ్చారు. గ్రీన్‌కార్డు కూడా లేని వలసదారులను, హిందీ, ఉర్దూ, పంజాబీ, అరబిక్, చైనీస్ లాంటి భాషలు వచ్చినవాళ్లను, వైద్యులను నేరుగా సైన్యంలోకి తీసుకుని త్వరగా పౌరసత్వం ఇచ్చారు. పదివేల మందికి పైగా చేరారు. 2016 నాటికి పథకం ఆగిపోయింది, తనిఖీలు బిగిశాయి. 2018లో కొందరిని గుట్టుచప్పుడు కాకుండా పంపించేయడం మొదలైంది. విదేశాల్లో బంధువులున్నందుకు మీరు ముప్పు అని చెప్పారని వాళ్లలో కొందరు వార్తాసంస్థలకు వెల్లడించారు. పరాయి భాష తల్లి ఒడిలో నేర్చుకున్నట్టు రావాలి, ఆ తల్లి మాత్రం పరాయి దేశంలో ఉండకూడదు! ఇలాంటి మనిషి ఎక్కడ దొరుకుతాడో రిక్రూట్‌మెంట్ ఆఫీసరే చెప్పాలి. మరోవైపు, యుద్ధభూమిలో అమెరికన్ సైనికుల పక్కన ప్రాణాలకు తెగించి దుబాసీ పని చేసినవాళ్ల విషయంలో అప్పీలు బోర్డు కాస్త కళ్లు తెరిచింది. బంధువులు అక్కడే ఉన్నా, ఆపదలో ఎటు నిలబడ్డాడో మనిషి చేతల్లోనే చూపించాడు కదా అని ఆ ధైర్యాన్ని అనుకూలాంశంగా లెక్కలోకి తీసుకుంది.

ఇంతా చేసి వల సరైన చేపలనే పడుతోందా? రాబర్ట్ హాన్సెన్ ఎఫ్‌బీఐలో కూచుని ఏళ్ల తరబడి రష్యాకు రహస్యాలమ్మాడు. షికాగోలో పుట్టి పెరిగిన మనిషి. క్యూబాకు పనిచేసిన ఆనా మాంటెస్ తోబుట్టువులు ఎఫ్‌బీఐలోనే ఉద్యోగులు. చుట్టరికాల కోణంలో అంతకన్నా నిఖార్సయిన దరఖాస్తు ఉండదు. 2001లో పట్టుబడ్డాక చూస్తే ఆమెను నడిపింది డబ్బు కాదు, బంధువులూ కాదు, సిద్ధాంతం. జాన్ వాకర్ సోవియట్లకు నావికాదళ సంకేతాలమ్ముతూ అన్ననూ కొడుకునూ కూడా అందులోకి లాగాడు. కుటుంబమే అక్కడ ముప్పు, కాకపోతే అచ్చమైన స్వదేశీ కుటుంబం. అటువైపూ సాక్ష్యముంది. ఇరాక్‌లో కాంట్రాక్టు దుబాసీగా పనిచేసిన మరియం థాంప్సన్ హెజ్‌బొల్లాతో సంబంధమున్న లెబనాన్ మనిషి మీది మమకారంతో అమెరికా వేగుల పేర్లు చేరవేసింది. 2021లో 23 ఏళ్ల శిక్ష పడింది. 1990 తర్వాత పట్టుబడ్డ గూఢచారుల్లో విదేశీ బంధాలున్నవాళ్ల పాలు అంతకుముందుకన్నా పెరిగిందని రక్షణ శాఖ పరిశోధన కేంద్రం 2008 నివేదిక చెప్పింది. కాబట్టి ప్రశ్న అడగడం తప్పని ఎవరూ అనరు. జవాబును ఎలా తూస్తున్నారన్నదే పేచీ.

తక్కెడ అందరికీ ఒకటేనా అంటే, కాదనే చెప్పాలి. అధ్యక్షుడి అల్లుడు జారెడ్ కుష్నర్ తన ఎస్‌ఎఫ్‌–86లో విదేశీ పరిచయాలను వదిలేసి, తర్వాత పదేపదే సవరించి, వందకు పైగా పేర్లు చేర్చాడు. మామూలు ఉద్యోగికి అలాంటి లోపమే వేరే కేసవుతుంది. తెలిసి దాస్తే అయిదేళ్ల దాకా జైలు పడగల నేరం. 2018 ఫిబ్రవరిలో కుష్నర్ స్థాయి తగ్గించారు, మేలో పూర్తి క్లియరెన్స్ వచ్చింది. సిబ్బంది తిరస్కరించిన 25 దరఖాస్తులను పైవాళ్లు తిరగదోడారని శ్వేతసౌధ భద్రతా ఉద్యోగిని ట్రిషియా న్యూబోల్డ్ 2019లో ప్రతినిధుల సభ కమిటీకి చెప్పింది.

కిందివాళ్లకు కోర్టు గడప కూడా దూరమే. క్లియరెన్స్ అనేది ఎవరి హక్కూ కాదని, ఇవ్వాలో వద్దో తేల్చే పని కార్యనిర్వాహక వర్గానిదని 1988లో ఈగన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. నిఘా చిత్రాల సంస్థలో చేరిన ఓ ఉద్యోగికి నేపథ్య పరిశీలన అయ్యాక, విధులకు వచ్చేలోపు పెళ్లయింది. ఆ సంగతి అతనే చెప్పాడు. భార్య చదివిన బడి, పనిచేసిన సేవాసంస్థ వల్ల విదేశీ ప్రభావం ఉందని క్లియరెన్స్ తీసేశారు. అతను కోర్టుకెళ్తే, అందులో మంచిచెడ్డలు మేం చూడలేమని 2013లో అప్పీళ్ల కోర్టు చేతులెత్తేసింది.

మన దగ్గర ఈ తరహా విచారణలూ లేవు, ప్రచురించే తీర్పులూ లేవు. కేంద్ర ఉద్యోగి విదేశీయులను పెళ్లి చేసుకుంటే వెంటనే ప్రభుత్వానికి తెలపాలని 1964 నాటి ప్రవర్తనా నియమావళిలో 21వ నిబంధన చెబుతుంది. ఆ తర్వాత ఫైలు ఎటు నడుస్తుందో ఆ ఉద్యోగికి అంతుపట్టదు. ఈ ఒక్క విషయంలో ఆర్లింగ్టన్ నయం. పేర్లు తీసేసి తీర్పులను జనం ముందు పెడుతుంది. ఓడినవాడికి తానెందుకు ఓడాడో పేరా పేరాగా తెలుస్తుంది.

చివరికి ఈ కాగితాలన్నీ ఎక్కడికి చేరాయి? విదేశీ ప్రభుత్వాల చేతికి చిక్కే బంధువులెవరో తెలుసుకోవడానికే కదా ఇన్ని పేర్లు రాయించుకున్నది. అమెరికా సిబ్బంది నిర్వహణ కార్యాలయం కంప్యూటర్లలోకి చొరబడిన హ్యాకర్లు 2 కోట్ల 15 లక్షల మంది నేపథ్య పరిశీలన రికార్డులు ఎత్తుకుపోయారని 2015లో బయటపడింది. 56 లక్షల మంది వేలిముద్రలు కూడా పోయాయి. అమెరికన్ అధికారుల వేళ్లు చైనా వైపు చూపించాయి, చైనా కాదంది. దరఖాస్తుదారులకూ వాళ్ల జీవిత భాగస్వాములకూ మైనరు పిల్లలకూ ప్రభుత్వం ఉచితంగా గుర్తింపు చౌర్య రక్షణ సేవలు ఏర్పాటు చేసింది. ఫారంలో పేరున్న మిగతా బంధుమిత్రులకు ఆ ఏర్పాటు లేదు. వాళ్ల పేర్లు, చిరునామాల్లాంటివి ఎలాగూ ఆన్‌లైన్ డైరెక్టరీల్లోనూ సోషల్ మీడియాలోనూ దొరికేవే కదా అని ఆ కార్యాలయం సర్దిచెప్పుకుంది.